ఎలిశిబా బిగించిన కడ్డీ

ఏటా జూన్ రెండో ఆదివారం, చర్చిలో ఆరాధన అయిపోయాక, మెదక్‌లో రామాయంపేట రోడ్డు మీదున్న ప్రకాశం మెకానిక్ షెడ్డులో ప్రార్థన జరుగుతుంది. షెడ్డు పెట్టిన రోజన్నమాట. సంఘపెద్ద వస్తాడు, ఆయన వెంట మరో నలుగురు వస్తారు. ఆ సంఘపెద్ద, ప్రకాశం రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఈ కష్టపడే చేతులను దీవించుము. ఈ చేతులు బిగించిన ప్రతి బోల్టునూ కాపాడుము" అని బొంగురు గొంతుతో వేడుకుంటాడు. ఆ చేతులు చూడాలి మీరు. మల్లెపూలు. గోళ్ళ సందున నలుపన్నది వెతికినా దొరకదు. బోల్టులు బిగించే అసలు చేతులు ఆ సమయంలో వెనక గోడ దగ్గర బూందీ, మిక్చరు ప్లేట్లలో సర్దుతుంటాయి.

ఆ చేతులు ప్రకాశం భార్య ఎలిశిబావి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె తల మీద కొంగు కప్పుకుని ఆ ప్రార్థనకు "ఆమేన్" అంటూనే ఉంది. పైవాడికి అసలు సంగతి తెలుసు, కాదనం. కానీ ఆయన ఇంతవరకు సంఘపెద్ద చెయ్యి పట్టుకుని ఇటు పక్కకు తిప్పిన దాఖలా లేదు.

ఎలిశిబా తండ్రి లారీల బరువు మోసే కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు ఆకులు, కట్టే మిస్త్రీ. కొడుకులు లేరు కాబట్టి లైటు పట్టుకునే పని కూతురిది. లైటు పట్టుకున్న పిల్ల పదేళ్ళకు పానా పట్టింది, పద్నాలుగేళ్ళకు పట్టీ చప్పుడు విని ఎన్నో ఆకు విరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. ప్రకాశం ఆ షెడ్డుకే పనికొచ్చాడు. పనికంటే మాట బాగా వచ్చింది. మాట బాగా వచ్చిన అల్లుడు దొరికాడని మామ మురిసిపోయి పిల్లనిచ్చాడు, పోతూ పోతూ పనిముట్లూ ఇచ్చాడు. అల్లుడు వాటితో పాటు బోర్డు మీద తన పేరు రాయించుకున్నాడు.

అలాగని ప్రకాశం చెడ్డవాడేమీ కాదు. తాగడు, కొట్టడు, పండక్కి చీర తెస్తాడు. మన దగ్గర మొగుడు మంచివాడనిపించుకోవడానికి పెట్టిన పరీక్ష అంత తేలిక మరి. షెడ్డులో ఆయన పని కష్టమర్లతో మాట్లాడడం. "అన్నా, కూసోండ్రి, బండి నా మీద ఇడిసిపెట్టుండ్రి" అంటాడు. బండి కిందికి దూరేది మాత్రం ఎలిశిబా. బయటికి రెండు పాదాలే కనిపిస్తాయి. వచ్చినవాళ్ళు ఆ పాదాలనే అడుగుతారు, "అమ్మా, మిస్త్రీ లేడా?" అని. చేతిలో పన్నెండు నంబరు పానా పెట్టుకుని ఆమె బండి కిందనుంచే జవాబిస్తుంది: "చాయ్ తాగనీకి పోయిండు, వస్తడు, కూసోండ్రి."

ఇంకో ఆచారం కూడా ఉంది. పని అయ్యాక బండి మొదట తోలి చూసేవాడే మిస్త్రీ. దాన్ని ట్రయల్ కొట్టడం అంటారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్ళు పెడతారు, సిలువ గుర్తు వేసుకునేవాళ్ళు వేసుకుంటారు, తాళంచెవి మాత్రం మతభేదం లేకుండా మగవాడి చేతికే పోతుంది. ఎలిశిబాకు లైసెన్సు ఉంది, ఆరేళ్ళ కిందటే తీసుకుంది. అది ఇంతకాలం బ్యాంకులో ఫోటో గుర్తింపుకు పనికొచ్చింది. ప్రకాశం ట్రయల్‌కు పోతే ఆమె రోడ్డు పక్కన నిలబడేది. బండి షెడ్డు ముందున్న స్పీడు బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ఏ మూల ఎంత కుంగింది, ఎన్నిసార్లు ఊగి ఆగింది అని చూసేది. కూర్చోకుండానే బండి రోగం చెప్పడం ఆమెకు అట్లా అబ్బింది. తిండి పెట్టనివాళ్ళ ఇంట్లో వాసన చూసి కూర పేరు చెప్పడం లాంటి విద్య అది.

ఈ ఏడు దసరా వెళ్ళాక, డిగ్రీ చదివే కూతురు నిస్సి ఒక ఫారం తెచ్చింది. బడి చదువు లేకపోయినా పని వచ్చినవాళ్ళకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారట, ఒక శిక్షణ కేంద్రంవాళ్ళు. ఆ సర్టిఫికెట్ ఉంటే అక్కడే ఆడపిల్లలకు పని నేర్పే కొలువుకు దరఖాస్తు పెట్టుకోవచ్చట.

"మమ్మీ, ఇది నీ కోసమే పెట్టినట్టుంది. డాడీ ఒక కాలమ్ నింపాలె, షెడ్డు ఓనర్ గదా."

ప్రకాశం కళ్ళద్దాలు పెట్టుకుని, సంఘానికి లెటరు రాసినంత శ్రద్ధగా నింపాడు. 'చేసే పని' అన్నచోట 'సహాయకురాలు' అని గుండ్రంగా రాశాడు.

"డాడీ, సహాయకురాలేంది? సహాయం నువ్వు గదా చేస్తున్నవ్!"

"ఏయ్, లోకం ఏమనుకుంటది? బోర్డు మీద నా పేరుండె. ఆమె మిస్త్రీ అంటే మల్ల నేనేంది?"

ఈ ప్రశ్న ప్రకాశం పంతొమ్మిదేళ్ళలో తనకు తాను మొదటిసారి వేసుకున్నాడు. జవాబు భయంకరంగా ఉండటంతో చాయ్‌కి వెళ్ళిపోయాడు.

నిస్సి కేంద్రానికి పోయి అడిగొచ్చింది. ఇంకో దారి ఉంది. వాహనం సొంతదారు ఎవరైనా తన చేత్తో, "ఫలానా పని ఈమె చేసింది" అని రాసి సంతకం పెడితే చాలు, ఓనర్ చేత ఆ కాలమ్ దిద్దించి దరఖాస్తు తీసుకుంటారు. నెలాఖరు గడువు. ఒక్క కాగితం. పంతొమ్మిదేళ్ళలో కొన్ని వందల బండ్లు ఆమె చేతుల మీదుగా పోయాయి, ఒక్క కాగితం దొరకదా అనుకుంది ఎలిశిబా.

దొరకలేదు. ట్రాలీ ఆటో ఆయన నవ్వి, "అక్కా, నువ్వు చేసినవంటే మా వోళ్ళు నన్ను ఆగం జేస్తరు" అన్నాడు. స్కూలు వ్యాను ఆయన మర్యాదస్తుడు, వివరంగా చెప్పాడు: "పిల్లల తల్లిదండ్రులకు తెలిస్తే ఊకుంటరా అమ్మా? ఆడమనిషి చేసిన బ్రేకులంటరు." ఆ బ్రేకుల మీదనే వాళ్ళ పిల్లలు నాలుగేళ్ళుగా క్షేమంగా బడికి పోయి వస్తున్నారు. ప్రాణాలు పెట్టొచ్చట, పేరు పెట్టకూడదట.

అట్లాంటి రోజుల్లో షెడ్డు ముందుకు పరమేశ్ కారు వచ్చి ఆగింది.

మెడలో లావు బంగారు గొలుసు వేసుకుని పరమేశ్ చేగుంట వైపు ప్లాట్లు అమ్ముతాడు. ప్లాట్లంటే నాలుగు తెల్లరాళ్ళూ ఒక సిమెంటు ఆర్చీ. ఆర్చీలు బాగా అమ్ముడుపోయిన ఏడు హైదరాబాదులో ఒక సెకండ్ హ్యాండు స్పోర్ట్స్ కారు కొన్నాడు. బత్తాయి పండు రంగు. రెండే తలుపులు, రెండే సీట్లు, వెనక చక్రాలు నెట్టుకుంటూ పోయే బండి. కింద నాలుగు వేళ్ళ సందు. మెదక్‌లో స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడల్లా దాన్ని కొత్త పెళ్ళికూతుర్ని గడప దాటించినట్టు పక్కకు తిప్పి దాటిస్తాడు. కారు మాత్రం భార్య దేవిక పేరు మీద ఉంది. లెక్కలు అడిగేవాళ్ళకు చెప్పుకోవడానికి ఆస్తులన్నీ ఇంటామె పేరు మీద పెట్టి పెత్తనం ఈయన ఉంచుకోవడం మన దగ్గర ఎవరూ తప్పు పట్టని సంప్రదాయం.

"ప్రకాశమన్నా, ఇజ్జత్ పోయిందే," అన్నాడు దిగుతూనే. "మొన్న దోస్తులతోటి నర్సాపూర్ అడవిల పోయినం. మలుపు మలుపుకు నా బండి పడవ లెక్క ఒరుగుతుంది. వాళ్ళు నవ్వుకుంట దాటిపోయిండ్రు. గిది తెచ్చిన, ఎక్కియ్యి."

కట్ట విప్పాడు. ఎర్రరంగు వేసిన ఉక్కు కడ్డీ, రెండు కొసలూ వంగి ఉన్నాయి. పార కామంత లావు. స్వే బార్ అంటారు దాన్ని. కారుకు ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కింద నుంచి కలిపి ఉంచే కడ్డీ. ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటాయి. మలుపులో ఒక పక్క కుంగబోతే ఆ కడ్డీ మెలిపడి, కుంగకుండా రెండో పక్కను కూడా లాక్కొస్తుంది. ఇద్దరు మనుషులు చేతులు పట్టుకుని బురదలో నడిచినట్టు. ఒకరు తూలితే ఇంకొకరు ఆపుతారు. మరీ గట్టిగా పట్టుకుంటే మాత్రం ఒకరు గుంతలో కాలు పెట్టినప్పుడు ఇద్దరూ పడతారు.

"వెనకకు ఒక్కటే తెచ్చిన. ముందు కంపెనీదే ఉండనీ," అన్నాడు పరమేశ్. "నూరు వీడియోలు చూసిన. అన్నిట్ల లావుది గిదే."

"లావుదంటే లావుదే అన్నా. మస్తుంటది," అన్నాడు ప్రకాశం.

ట్రాలీ ఆటో కిందనుంచి పాదాలు కదిలాయి. ఎలిశిబా బయటికి వచ్చింది.

"అన్నా, జర ఆగుండ్రి. వెనక ఒక్కదానికే గింత గట్టిది వద్దు. ముందు మెత్తగుండి వెనక బిర్రుగ ఉంటే మలుపుల ముందు చక్రాలు పట్టుకుంటయి, వెనకవి ఇడుస్తయి. తోక తిరుగుతది. ముందుకు వెనకకు జోడు చూసి, కంపెనీ దానికంటే ఒక్క పిసరు లావుది పెట్టుకోండ్రి."

పరమేశ్ ప్రకాశాన్ని అడిగాడు, "ఎవరన్నా ఈమె?"

"మా ఇంటామె."

"ఓహో. వదినా, చాయ్ అయితదా?"

ఎలిశిబా చాయ్ మాట వినిపించుకోలేదు. "మన రోడ్ల మీద గింత లావుదెక్కిస్తే ఒక్క గుంతకు రెండు చక్రాలు ఎగురుతయి అన్నా."

"వీడియోల గట్ల చెప్పలే."

"వీడియో తీసినాయన ఊర్ల వడ్లు రోడ్డు మీద ఆరబోస్తరా?"

పరమేశ్ నవ్వాడు. ప్రకాశం అంతకంటే గట్టిగా నవ్వాడు, కష్టమర్ నవ్వుకు వడ్డీ కలిపి ఇవ్వడం ఆయన పద్ధతి. తర్వాత భార్యను పక్కకు పిలిచి గుసగుసగా అన్నాడు: "నోరు మూసుకుని బిగియ్యవే. కష్టమర్ దేవుడు."

"మనకు దేవుడు ఒక్కడే అని చర్చిల లేసి సాక్ష్యం చెప్పినవ్ గదా మొన్న?"

"అది ఆదివారం మాట. గియాల బుధవారం."

కడ్డీ కొసన మూడేసి రంధ్రాలున్నాయి. కడ్డీని చక్రానికి కలిపే లింకును చివరి రంధ్రంలో బిగిస్తే కడ్డీ కాస్త మెత్తగా పనిచేస్తుంది, లోపలిదాంట్లో బిగిస్తే బాగా గట్టిగా. కనీసం చివరిదాంట్లోనన్నా బిగిస్తానంది ఎలిశిబా. "పూరా గట్టిగ పెట్టు, పైసలు పెట్టింది ఎందుకు?" అన్నాడు పరమేశ్. "అన్న చెప్పినట్టే," అన్నాడు ప్రకాశం.

ఆమె వాళ్ళు చెప్పినట్టే బిగించింది. పనిలో వంక పెట్టడానికి లేదు. పాత కడ్డీ విప్పింది. కడ్డీని పట్టి ఉంచే కొత్త రబ్బరు బుష్షులకు లోపల గ్రీజు రాసింది, లేకపోతే ముసలి మంచంలా కిర్రుమంటాయి. చాలామంది బండి జాకీ మీద వేలాడుతుండగానే లింకు బోల్టులు బిగించేస్తారు. కిందికి దించగానే కడ్డీ ముందే మెలిపడి కూర్చుంటుంది. ఎలిశిబా అట్లా చెయ్యదు. నాలుగు చక్రాల కిందా తండ్రి నాటి టేకు చెక్కలు పెట్టి, బండి బరువు చక్రాల మీద నిలిచాకనే చివరి బిగింపు బిగిస్తుంది. ఆ రోజూ అదే చేసింది. తప్పు పనిని అంత ఒప్పుగా చేసింది. నోరు మాత్రం మూసుకుంది.

ప్రకాశం తిన్నని రోడ్డు మీద ఐదు నిమిషాలు తిప్పి వచ్చి, "మస్కా లెక్క పోతుంది అన్నా!" అన్నాడు. తిన్నని రోడ్డు మీద ఏ బండైనా మస్కానే.

"చలో, ఏడుపాయల దాక పోయొద్దాం. దుర్గమ్మకు కొబ్బరికాయ కొడదాం," అన్నాడు పరమేశ్.

"కొబ్బరికాయ నువ్వు కొట్టన్నా, నేను కారుల కూసుంట," అన్నాడు మెథడిస్టు ప్రకాశం.

అరగంటకు ఫోను వచ్చింది.

"ఎలిశిబా... ఏం గాలే. పాపన్నపేట రోడ్డు మీద ఉన్నం. జర వడ్లల్లకు పోయినం."

ఆమె పనిముట్ల సంచి మోపెడ్ ముందు పెట్టుకుని వెళ్ళింది. మలుపు దాటిన చోట, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. బత్తాయి కారు మెదక్ వైపు మూతి తిప్పుకుని, తోక వడ్ల కుప్పలో దూర్చి నిలబడి ఉంది. మలుపులో వడ్లు కనబడగానే పరమేశ్ గబుక్కున యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీశాడు. ముందు చక్రాలు రోడ్డును పట్టుకున్నాయి, వెనకవి విడిచేశాయి. కారు గిర్రున తిరిగింది. మనుషులకు ఒక్క గీత పడలేదు. వడ్లు మాత్రం పక్క కాలువ దాకా చెదిరిపోయాయి.

ఆ వడ్లు రామమ్మవి. అరవై దాటిన మనిషి. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, మగవాళ్ళిద్దరి చేతా వడ్లు ఎత్తిస్తోంది.

"ఓ గొలుసాయనా, గట్ల కాదు, మట్టి రాకుంట ఊడువు! ఇంట్ల ఎన్నడన్న చీపురు పట్టినవా? నాలుగు దినాల సంది మొగులు చూసుకుంట ఆరబోస్తున్న. నీ బండేంది, సద్ది డబ్బ లెక్క ఉంది, దానికి నా వడ్లే దొరికినయా? ఓ సన్నపాయనా, నువ్వెందుకు నిలబడ్డవ్? తట్ట పట్టు!"

సన్నపాయన ప్రకాశం. మల్లెపూల చేతులతో తట్ట పట్టాడు.

"అవ్వా, నువ్వు యాడున్నవ్ గప్పుడు?" అని అడిగింది ఎలిశిబా.

"గా కుప్ప పక్కనే కూసున్న బిడ్డా. దూపైతే నీళ్ళు తాగనీకి గా చెట్టు కిందికి పోయిన. పోయి చెంబెత్తిన, ధడేల్మన్నది."

ఎలిశిబా కుప్ప పక్కన చూసింది. కూర్చోవడానికి వేసుకున్న గోనెసంచి సగం టైరు కింద ఉంది.

పరమేశ్ చీపురు కింద పడేశాడు. "ఏం బిగించినవ్ ప్రకాశమన్నా నువ్వు? చస్తుంటిమి గదా!"

అప్పుడు ప్రకాశం, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, నలుగురు వింటుండగా నిజం చెప్పాడు.

"నేనేడ బిగించిన అన్నా? నేను ముట్టనే ముట్టలే. బోల్టులన్ని ఎలిశిబనే బిగించింది!"

పని బాగున్నన్నాళ్ళూ అది ఆయన చేతుల మహిమ. తోక తిరగ్గానే భార్యకు పేరొచ్చింది.

ఎలిశిబా సంచి కింద పెట్టింది. "మల్ల చెప్పు."

"ఏంది?"

"గదే మాట. జర గట్టిగ చెప్పు. అన్నకు వినవడాలె."

"నువ్వే బిగించినవ్ అంటున్న!"

"విన్నరా పరమేశన్నా? గీ మాట కాయిదం మీద రాసియ్యుండ్రి."

"రాస్త! ఎందుకు రాయ? స్టేషన్ల ఇస్త!"

"యాడన్న ఇయ్యుండ్రి. నాకొకటి ఇయ్యుండ్రి."

పరమేశ్ జేబులో ప్లాట్ల పాంప్లెట్లు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తీసి, ఖాళీగా ఉన్న వెనక పక్క, కారు మూత మీద పెట్టి కోపంగా రాశాడు: 'నా వాహనమునకు వెనక స్వే బార్ బిగించినది ఎలిశిబా అను మహిళ. పని మొత్తం ఈమెనే చేసినది. అందువలన బండి తిరిగినది.'

"ముందుగాల వడ్లెత్తుండ్రి, కాయిదాలు తర్వాత!" అని అరిచింది రామమ్మ.

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాక ఎలిశిబా అంది, "అన్నా, తప్పు నాది గూడ ఉన్నది. బిగింపుల కాదు. వద్దని తెలిసి బిగించిన, నోరు మూసుకున్న. గా అవ్వకు దూప గాకపోతే గీ పాటికి నేను ఏ మొఖం పెట్టుకుందును?" ఇంకేం మాట్లాడకుండా కారు కింద దూరి వెనక లింకులు రెండూ విప్పేసింది. కడ్డీ పనిచెయ్యకుండా వేలాడింది. మెల్లగా తోలుకుపోతే ప్రమాదం లేదు.

ఇంటికి వచ్చి కాగితం చూపిస్తే నిస్సి నవ్వలేక చచ్చింది. తర్వాత నాలుక్కరుచుకుంది. "మమ్మీ, ఇది చెల్లదు. సొంతదారు సంతకం కావాలె. ఆర్సీ ఎవరి పేరు మీదుంది?"

తెల్లారి ఎలిశిబా దేవిక దగ్గరికి వెళ్ళింది. దేవిక ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. జవాబు పత్రాలు దిద్దుతూ అంతా విన్నది, పాంప్లెటు వెనకా ముందూ చదివింది.

"గా కారు నా పేరు మీదున్నదా? నేను గిప్పటిదాక అండ్ల కూసోనే లేదక్కా. ఆయన చూపించిన కాడల్ల సంతకం పెట్టి పెట్టి నా చెయ్యి అరిగింది. దీనికి మాత్రం చూడకుంట పెట్ట. నువ్వు బండి సక్కగ చెయ్యి. నేను ఎక్కి చూస్త. మంచిగుంటే రాస్త."

"అన్న ఒప్పుకుంటడా?"

"ఒప్పుకోకపోతే ఏం జేస్తడు? బండి నాది గదా." ఎర్ర పెన్ను మూత పెట్టి నవ్వింది. "వినడానికి మస్తుగుంది ఈ మాట."

ఈసారి కడ్డీలు ఎలిశిబా ఎంచుకుంది. వీడియోలు చూసింది, కానీ లావు చూడలేదు. కారును షెడ్డులోకి తెప్పించి మూలమూలా అరచేత్తో నొక్కింది, ఎంత కుంగుతుందో, ఎన్ని ఊపులకు నిలుస్తుందో చూసింది. కంపెనీ కడ్డీలు రెండూ కొలిచింది. ముందుకు బొటనవేలి కంటే ఒక పిసరు లావుది, వెనకకు చిటికెనవేలంతది, ఒకే జోడుగా చేసినవి చెప్పింది. "గింత సన్నదా?" అని పరమేశ్ మూలిగాడు. "నీకు తోక తిప్పుకునే సోకుంటే పట్నంల పోటీ మైదానముంటది, ఆడ తిప్పుకో," అంది దేవిక. జోడు వచ్చింది. ముందు లింకు మధ్య రంధ్రంలో, వెనకది చివరి రంధ్రంలో, ఎడమా కుడీ ఒకే తీరుగా. బుష్షులకు గ్రీజు, చక్రాల కింద టేకు చెక్కలు. ప్రకాశం పక్కన స్టూలేసుకుని కూర్చుని, అడగకుండానే పానాలు అందించాడు. రెండుసార్లు తప్పు నంబరిచ్చాడు.

పని అయ్యాక ప్రకాశం చెయ్యి అలవాటు చొప్పున తాళంచెవి కోసం చాచాడు. దేవిక తాళంచెవిని ఆ చెయ్యి పక్కనుంచి తీసుకుపోయి ఎలిశిబాకు ఇచ్చింది.

"నువ్వు నడుపు అక్కా. నేను పక్కన కూసుంట."

కారులో కూర్చోవడమే ఒక పని. బావిలోకి దిగినట్టు దిగాలి. ఎలిశిబా కొంగు నడుముకు దోపి, సీటు ముందుకు లాక్కుని, వెళ్ళింది. మొదటి మలుపులో మెల్లగా, రెండోదాంట్లో కొంచెం ధైర్యంగా, ఎదురుగా ఎవరూ లేని మూడోదాంట్లో సరిగ్గా తిప్పాల్సినంత వేగంతో. కారు కొద్దిగా ఒరిగింది, అంతే ఒరిగి నిలిచింది. నాలుగు చక్రాలూ ఒక మాట మీద ఉన్నాయి. గుంత వస్తే ఒక చక్రమే దిగింది, రెండోది దాని పని అది చేసుకుంది. పంతొమ్మిదేళ్ళు చేతులతోనూ కళ్ళతోనూ చదివిన పాఠాన్ని ఆమె ఆ రోజు పిర్రలతో చదివింది. ఆ చదువే వేరు. బండి లోపలికి వచ్చి చెబుతుంది.

"ఇంకోసారి తిప్పక్కా," అంది దేవిక, చిన్నపిల్లలా.

షెడ్డుకు తిరిగొచ్చాక దేవిక పాంప్లెటు అడిగింది. మొగుడి రాత కింద ఎర్ర పెన్నుతో రాసింది: 'పై కడ్డీని ఎంచుకున్నది నా భర్త. వద్దని చెప్పింది ఎలిశిబా. కొత్త జోడు ఎంచి, బిగించి, నడిపి చూపించింది కూడా ఆమెనే. బండి ఇప్పుడు మలుపు తిరుగుతుంది. నేను కూర్చుని చూశాను. ఇట్లు, వాహన సొంతదారు.' సంతకం పెట్టింది.

గడువు రోజు శిక్షణ కేంద్రంలో గుమాస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఒక పక్క వెంచర్ మ్యాపు, ఇంకో పక్క నీలం తిట్టు, ఎర్ర మెప్పు.

"ఇది కంప్లయింటు గదమ్మా?"

"పని మొత్తం నేనే చేసిన అని ఉన్నది గదా సార్. ఇద్దరు రాసిండ్రు. ఒకాయన కోపంల, ఒకామె ఖుషీల. ఒకటే మాట రాసిండ్రు."

గుమాస్తా రెండు రాతలూ ఇంకోసారి చదివి కాగితం ఫారంకు గుచ్చాడు. "షెడ్డు ఓనర్ 'సహాయకురాలు' అని రాసిండు. ఆయన కొట్టేసి సంతకం పెట్టాలె."

ప్రకాశం వెంట వచ్చాడు, గోడకు ఆనుకుని ఉన్నాడు. పెన్ను తీసుకున్నాడు. గుండ్రటి అక్షరాల మీద గీత గీశాడు. పైన ఏం రాయాలో తెలియక ఆగాడు.

"మిస్త్రీ అని రాయాల్నా, మెకానిక్ అని రాయాల్నా?"

"ఏది నిజమైతే గది రాయి," అంది ఎలిశిబా.

"రెండు నిజమే," అన్నాడు ప్రకాశం చిన్నగా, రెండూ రాశాడు. దరఖాస్తు లోపలికి వెళ్ళింది. పరీక్ష వచ్చే నెల. ప్రాక్టికల్ ఒక్కటే కాదు, రాత పరీక్ష కూడా ఉంది. దాని మీద ఎలిశిబాకు భయంగానే ఉంది. రోజూ పొద్దున నిస్సి ప్రశ్నలు అడుగుతోంది, తల్లి బండి కిందనుంచి జవాబులు చెబుతోంది.

ఇది చదివి, పాపం మంచి మనిషి అనుకుని పేజీ తిప్పేసేవాళ్ళకు చెప్పేదొకటే. మీ జాలి ఆమెకు అక్కర్లేదు, దాన్ని గ్రీజులా బుష్షుల్లో కూడా రాయలేం. ఈ వారంలో ఒక్క పని చెయ్యండి. మీ బండి బాగుచేసే షెడ్డుకు, మీ బట్టలు కుట్టే దుకాణానికి, మీరు వడ్లు కొనే రైతు ఇంటికి వెళ్ళినప్పుడు, బోర్డు మీద పేరున్నాయనతో కాసేపు మాట్లాడడం ఆపి, "ఈ పని ఎవరు చేసిండ్రు?" అని అడగండి. జవాబుగా వెనక నుంచి ఒక ఆడమనిషి చెయ్యి తుడుచుకుంటూ వస్తే, ఆమె పేరు అడగండి. ఒక కాగితం మీద ఆ పేరు, చేసిన పని, తేదీ రాసి, మీ సంతకం పెట్టి ఆమె చేతికివ్వండి. రెండు వాక్యాలు చాలు. సర్టిఫికెట్లకూ, కొలువులకూ, అప్పులకూ ఆడవాళ్ళను అనుభవం రుజువు అడిగే ఊరు మనది. ఆ రుజువు మన దగ్గరే ఉంది, మనమే రాయడం లేదు. పని బాగుందని రాయండి. బాగా లేకపోతే బాగా లేదనే రాయండి, కానీ ఆమె పేరుతో రాయండి.